ఏడు వారాల క్రాస్ పిల్లల్లో పుంజేది, పెట్టేది?

ప్రశ్న: మా దగ్గర మూడు పెట్టలున్నాయి. ఒకటి నలుపు తెలుపు చారలది, ఒకటి ఎర్రటి లేయర్ కోడి, మూడోది నల్లటి బోడిమెడ కోడి, దాని మెడ మీద ఒక్క ఈక కూడా ఉండదు. పుంజు ఒక్కటే. ఎర్రగా ఉంటుంది, తోక నలుపు, తల మీద చిన్న ముద్ద జుట్టు, అదే తురాయి. అచ్చమైన అసిల్ జాతి పందెం కోడి అని చెప్పి ఇచ్చారు, వచ్చి నాలుగు నెలలైంది. మూడు పెట్టల గుడ్లూ కలిపి పొదిగిస్తే పది పిల్లలు దిగాయి. ఇప్పుడు వాటికి ఏడు వారాలు. పుట్టిన రోజు ఐదు పూర్తి నల్లగా ఉన్నాయి, వాటిలో మూడింటికి నడినెత్తిన తెల్ల చుక్క ఉంది, ఆ మూడింటికీ ఇప్పుడు చారలు వచ్చాయి. ఇంకో రెండు బోడిమెడవి, నల్లవే, గొంతు ముందు చిన్న ఈకల కుచ్చు ఉంది. మిగతా మూడు ఎర్రవి, అందులో ఒకదాని తోక మాత్రం తెల్లగా వస్తోంది. పదింటిలో నాలుగింటికి రంపం పళ్లలాంటి జుట్టు మొదలైంది. ఇవి ఏ జాతి? ఎన్ని పుంజులు? పుంజుల్ని వేరేవాళ్లకి ఇచ్చేయాలి, పొరపాటున పెట్టను ఇచ్చేస్తానేమోనని టెన్షన్‌గా ఉంది. రెక్క చాపి చూస్తే తెలుస్తుందని ఒకరు, దారానికి ఉంగరం కట్టి ఊపితే తెలుస్తుందని ఇంకొకరు చెబుతున్నారు.

జవాబు: మీ ఉత్తరం రెండుసార్లు చదివానండి. పుట్టిన రోజు ఏ పిల్ల ఏ రంగులో ఉందో, ఎవరి నెత్తిన చుక్క ఉందో మీరు గుర్తుపెట్టుకున్నారు చూడండి, చాలామంది అది చెయ్యరు. ఆ ఒక్క పని వల్లే పదింటిలో ఐదింటి సంగతి వాటిని చూడకుండానే చెప్పగలుగుతున్నాను. చారలు వచ్చిన మూడూ పుంజులు. చారల్లేకుండా నల్లగానే ఉండి, మెడ నిండా ఈకలున్న రెండూ పెట్టలు. మిగతా ఐదింటికి ఇంకో నాలుగైదు వారాలు ఆగాలి, అప్పటిదాకా దేన్నీ ఎవరికీ ఇవ్వకండి.

ఇంత గట్టిగా ఎలా చెబుతున్నానో మీకు తెలియాలి, ఎందుకంటే ఈ లెక్క ఒకసారి అర్థమైతే వచ్చే ఏడు మీ పిల్లల్ని పుట్టిన రోజే మీరే చెప్పుకోవచ్చు. మనుషుల్లో పుట్టేది ఆడా మగా అన్నది తండ్రి వైపు నుంచి తేలుతుంది కదా, కోళ్లలో అది తల్లి వైపు నుంచి తేలుతుంది. పుంజులో రెండు జెడ్ క్రోమోజోములుంటాయి, పెట్టలో ఒక జెడ్, ఒక డబ్ల్యూ. పెట్ట తన దగ్గరున్న ఆ ఒక్క జెడ్‌ని కొడుక్కే ఇస్తుంది, కూతురికి డబ్ల్యూ ఇస్తుంది. కూతురికి దొరికే జెడ్ తండ్రిదే. ఈకల మీద చారలు వేసే జన్యువు ఉండేది సరిగ్గా ఈ జెడ్ మీదే. అంటే మీ చారల పెట్ట తన చారల్ని కొడుకులకు మాత్రమే ఇవ్వగలదు, కూతుళ్లకు ఇచ్చే డబ్ల్యూ మీద అవి లేవు. మీ పుంజుకి చారలు లేవు కాబట్టి కూతుళ్లకు తండ్రి నుంచీ రావు. పుట్టిన రోజు నూగు మీద చారలు కనిపించవు, వాటికి బదులు నడినెత్తిన తెల్లటి చుక్క కనిపిస్తుంది. మీరు చూసిన చుక్క అదే.

ఇక్కడ ఒక అనుమానం రావాలి, నాకూ వచ్చింది. మీ దగ్గర నల్ల పెట్ట ఇంకొకటి ఉంది, ఆ బోడిమెడది. చుక్క లేని ఆ రెండు నల్ల పిల్లలూ దాని గుడ్లలోంచి వచ్చాయేమో? అలా అయితే నలుపుని బట్టి ఆడా మగా చెప్పడం కుదరదు, ఎందుకంటే దాని కొడుకులూ కూతుళ్లూ ఇద్దరూ నల్లగానే పుడతారు. కానీ మీరే రాశారు, ఆ పెట్ట మెడ మీద ఒక్క ఈక కూడా ఉండదని. బోడిమెడ జన్యువు తల్లిదండ్రుల్లో ఒకరి నుంచే వస్తే, అంటే ఒక మోతాదు ఉంటే, గొంతు ముందు భాగంలో, మేత సంచికి కాస్త పైన, ఒక కుచ్చు ఈకలు మిగులుతాయి. రెండు మోతాదులుంటే ఆ కుచ్చు కూడా దాదాపు ఉండదు, మెడంతా ఎర్రటి తోలే. మీ పెట్ట రెండో రకం. రెండు మోతాదులున్న తల్లి ప్రతి పిల్లకీ ఒకటి ఇచ్చి తీరుతుంది, కాబట్టి దాని పిల్లలన్నీ బోడిమెడతోనే పుట్టాలి, తండ్రి మెడ నిండా ఈకలున్నాయి గనక ఆ పిల్లలకి కుచ్చు ఉండాలి. సరిగ్గా అలాంటి పిల్లలు మీ దగ్గర రెండున్నాయి. మెడ నిండా ఈకలున్న నల్ల పిల్లలు దాని పిల్లలు అయ్యే అవకాశమే లేదు, అవి చారల పెట్టవే. అందుకే అవి పెట్టలని అంత ధైర్యంగా చెప్పాను. వీలైతే ఒకసారి ఆ తల్లి గొంతు ముందు వేలు పెట్టి చూడండి, కుచ్చు నిజంగా లేదని తేల్చుకోండి. ఒకవేళ ఉందంటే మాత్రం నా మాట వెనక్కి తీసుకుంటాను, అప్పుడు ఆ రెండు నల్ల పిల్లల్ని కూడా ఆగి చూడాల్సిన జాబితాలో కలపండి.

కొన్ని వారాల్లో ఆ నల్ల పెట్టల మెడ మీద, రొమ్ము మీద ఎరుపో బంగారు రంగో తొంగిచూస్తుంది. అది తండ్రి రంగు, దాన్ని చూసి పుంజేమో అని కంగారు పడకండి.

ఈ కిటుకు ఒక్క వైపే పనిచేస్తుంది, ఇది బాగా గుర్తుంచుకోండి. చారల పెట్ట, చారల్లేని పుంజు, ఇదీ జత. దాన్ని తిరగేసి చారల పుంజుని నల్ల పెట్టలతో కలిపితే పిల్లల చారలు చూసి ఏమీ చెప్పలేం. మీ చారల కొడుకుల్లో ఒకదాన్ని ఉంచుకుని వచ్చే ఏడు దానితో, చారల్లేని పెట్టలతో పిల్లలు తీయిద్దామనుకుంటే కూడా అంతే, దానికి చారల జన్యువు ఒకటే ఉంటుంది, దాని కూతుళ్లలో సగానికీ కొడుకుల్లో సగానికీ చారలు వస్తాయి. అమ్మా నాన్నా ఇద్దరూ చారలవే అయిన అచ్చమైన జాతుల్లో ఇంకో తేడా ఉంటుంది, పుంజు పిల్లకి రెండు మోతాదులు కాబట్టి చుక్క పెద్దగా, చెదిరినట్టు ఉంటుంది, పెద్దయ్యాక కూడా అది పెట్ట కంటే తెల్లగా కనిపిస్తుంది. ఈ రెండు మోతాదుల తేడాని వాడుకునే ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జ్‌లో రెజినాల్డ్ పన్నెట్ అనే జన్యు శాస్త్రవేత్త 1930 ప్రాంతంలో, పుట్టగానే రంగుని బట్టి ఆడా మగా తెలిసిపోయే జాతుల్ని తయారుచేశాడు. లెగ్‌బార్ అనే జాతి పేరు మీరు వినే ఉంటారు, అదీ ఆ పనిలోంచి వచ్చిందే.

ఇక ఎర్రవి. వీటికి రంగు సాయం చెయ్యదు. ఎర్రటి లేయర్ కోడి అనేది కంపెనీలు రంగుతో ఆడా మగా విడదీయడానికే కలిపి తీసే సంకరం. బంగారు రంగు జన్యువున్న తండ్రినీ వెండి రంగు జన్యువున్న తల్లినీ కలుపుతారు, ఈ జన్యువు కూడా జెడ్ మీదే ఉంటుంది, అందుకని కొడుకులు తల్లిలా పాలిపోయిన రంగులో, కూతుళ్లు తండ్రిలా ఎర్రగా పుడతారు. మీ ఎర్ర పెట్టని కూడా పుట్టిన రోజే ఎవరో రంగు చూసి పెట్టల బుట్టలో వేసి ఉంటారు. కానీ ఆ కిటుకు ఆ తరంతోనే అయిపోయింది. ఇప్పుడు తల్లి దగ్గర బంగారు రంగే, తండ్రి దగ్గరా బంగారు రంగే, పిల్లలు కొడుకులైనా కూతుళ్లైనా ఎర్రగానే ఉంటాయి. లేయర్ కోడి పిల్లల్ని రంగు చూసి చెప్పొచ్చని ఎవరో అన్న మాట నమ్మి చాలామంది ఇక్కడే పొరబడతారు.

తెల్ల తోకది వేరే జాతి కాదు. లేయర్ పెట్టల్లో చాలా వాటికి నలుపుని తెలుపుగా మార్చేసే జన్యువు ఒకటి ఉంటుంది, అది ఎరుపు జోలికి పెద్దగా పోదు. మీ పెట్ట తోకలోనూ ఈకల అడుగునా తెలుపు ఉందేమో చూడండి, నాకు ఉంటుందనే అనిపిస్తోంది. తండ్రి నుంచి రావాల్సిన నల్ల తోక ఆ పిల్లలో తెల్లతోకైంది, అంతే. దీనికీ ఆడా మగాకీ సంబంధం లేదు.

మరి మిగిలిన ఐదింటిని, అంటే మూడు ఎర్రవీ రెండు బోడిమెడవీ, ఎలా చూడాలి? అందరూ ముందు చూసేది జుట్టే. చూడండి, తప్పులేదు. అయితే మీ పిల్లల్లో రెండు రకాల జుట్లున్నాయి, నిలువుగా రంపం పళ్లలా లేచే ఒంటి జుట్టు, తండ్రిలా తలకి అంటుకుని ఉండే మూడు వరుసల ముద్ద జుట్టు. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి పోల్చకూడదు. ఒంటి జుట్టు ఉన్న పుంజు పిల్లకి ఐదారు వారాలకే జుట్టు లేచి గులాబీ రంగు దాటి ఎరుపెక్కుతుంది, కొన్నింటికి ఇంకా ముందే. ముద్ద జుట్టు పుంజుకి అదే వయసులో ఏమీ లేనట్టే ఉంటుంది. అందుకని ఒంటి జుట్టువాటిని ఒంటి జుట్టువాటితోనే, ముద్ద జుట్టువాటిని ముద్ద జుట్టువాటితోనే పోల్చండి. ముద్ద జుట్టులో ఎత్తు కాదు చూడాల్సింది, వెడల్పూ రంగూ. పుంజు పిల్లకి మూడు వరుసలూ విడివిడిగా కనపడుతూ మధ్య వరుస ఉబ్బి ఎర్రబడుతుంది, పెట్ట పిల్లకి మధ్యలో సన్నటి లేత పసుపు గీత మాత్రమే కనిపిస్తుంది.

దీన్ని నేను నష్టపోయి నేర్చుకున్నాను. ఒకసారి నా దగ్గర ఎనిమిది క్రాస్ పిల్లలుండేవి, అందులో ఒకదానికి మాత్రం ఆరో వారానికే జుట్టు మిగతా వాటికి రెట్టింపు లేచింది, ఎర్రగా కూడా ఉంది. పుంజే అనుకుని ఇచ్చేశాను. తీసుకున్నావిడ కొన్ని నెలలకి ఫోన్ చేసి అది గుడ్డు పెట్టిందని చెప్పింది. తర్వాత ఆలోచిస్తే తెలిసింది, ఆ ఎనిమిదింటిలో ఒంటి జుట్టున్నది అదొక్కటే, దాని తల్లి తెల్ల లెగ్‌హార్న్ కలిసిన పెట్ట, ఆ రకంలో పెట్టలకి కూడా జుట్టు పెద్దగా, తొందరగా వస్తుంది. మిగతా ఏడూ ముద్ద జుట్టువి, వాటిలో మూడు పుంజులు నా కళ్ల ముందే పెట్టల్లా తిరుగుతూ ఉండేవి. అప్పటి నుంచి జుట్టు ఒక్కదాన్నే చూసి ఏ పిల్లనీ బయటికి పంపలేదు.

మీ పిల్లలు ఏడు వారాలవి కాబట్టి జుట్టుతో పాటు ఇప్పుడే చూడగలిగింది ఇంకోటుంది, భుజాల మీద రంగు. రెక్క ముడుచుకున్నప్పుడు పైన కనిపించే భాగం చూడండి, ఎండలో చూస్తే మేలు. ఎరుపు కలిసిన క్రాస్ పుంజుకి అక్కడ ముదురు ఎరుపు మచ్చలు, రాగి పాత్ర తోమినట్టు మెరుస్తూ, ముక్కలు ముక్కలుగా వస్తాయి, చుట్టూ ఉన్న రంగుతో కలవవు. పెట్ట పిల్ల ఒళ్లంతా ఒకే తీరుగా, పక్క ఈకతో పక్క ఈక కలిసిపోయి ఉంటుంది. మీ నల్ల బోడిమెడ పిల్లల్లో దేని భుజం మీదైనా అలాంటి ఎర్రటి మరక మెరుస్తూ కనపడితే పుంజు కిందే ఎక్కువ అనుమానించండి. మెడ మీద, రొమ్ము మీద వచ్చే ఎరుపు వేరు, భుజం మీద వచ్చే ఎరుపు వేరు, మొదటిది రెండింటికీ వస్తుంది.

అసలు తీర్పు మాత్రం నడుము మీద ఈకలది. పది వారాలు దాటాక మొదలై పన్నెండు, పద్నాలుగు వారాలకి బాగా తెలుస్తుంది. పిల్లని చంకలో పెట్టుకుని తోక మొదలయ్యే చోటికి ముందు, నడుముకి రెండు పక్కలా ఈకల్ని వేలితో పైకి దువ్వి చూడండి. పెట్టైతే ఈక కొస గుండ్రంగా, చిన్న గరిటె అంచులా ఉంటుంది, పైనున్నవీ కిందనున్నవీ ఒకే రకం. పుంజైతే ఆ గుండ్రటి ఈకల మధ్యలోంచి కొత్తవి పొడుచుకొస్తుంటాయి, సన్నగా, పొడుగ్గా, కొస సూదిలా, అంచులు పట్టుదారాల్లా విడివిడిగా, మెరుపుతో. మొదట ఒకటీ రెండే ఉంటాయి, ఇంకా తొడుగులోనే ఉండొచ్చు, పైపైన చూస్తే కనపడవు, అందుకే దువ్వి చూడమంటున్నాను. ఒక్కటి కనపడినా చాలు, అది పుంజే. మెడ వెనక ఈకలు కూడా ఇలాగే కొసదేలతాయి గానీ పెట్టలకి కూడా అక్కడ కొంచెం సన్నగానే ఉంటాయి, పైగా మీ రెండింటికి మెడ మీద ఈకలే లేవు, కాబట్టి నడుమునే నమ్ముకోండి. సీబ్రైట్ లాంటి ఒకటి రెండు జాతుల్లో పుంజుకి కూడా పెట్టలాంటి గుండ్రటి ఈకలే ఉంటాయి, మీ దగ్గర ఆ రక్తం ఉందనిపించే గుర్తేమీ నాకు కనపడలేదు.

కూత గురించి ఎక్కువ ఆశ పెట్టుకోకండి. కొన్ని రెండు నెలలకే గొంతు సవరిస్తాయి, కొన్ని నాలుగు నెలలైనా నోరు విప్పవు, ముఖ్యంగా దొడ్లో పెద్ద పుంజు ఉంటే దాని ముందు కూయడానికి జంకుతాయి. కూస్తే మాత్రం దాదాపు పుంజే. కాలి ముల్లు మీద కూడా ఇప్పుడే తేల్చకండి, ఈ వయసులో రెండింటికీ అక్కడ చిన్న బొడిపె ఉంటుంది, పెద్దయ్యాక కొన్ని పెట్టలకీ ముల్లు పెరుగుతుంది. ఎదురెదురుగా నిలబడి రొమ్ములు గుద్దుకోవడం పిల్లలన్నీ చేస్తాయి, పెట్టలు కూడా. లావు కాళ్లు, పెద్ద తల అంటే ఒకే తల్లి పిల్లల మధ్య అయితే కొంత పనికొస్తుంది, మీ ఎర్ర పిల్లని బోడిమెడ పిల్లతో పోలిస్తే ఏమీ తేలదు.

రెక్క సంగతి. అది పూర్తిగా అబద్ధం కాదు, అందుకే జనం దాన్ని వదలరు. ఈకలు ఎంత త్వరగా మొలవాలో చెప్పే జన్యువు కూడా జెడ్ మీదే ఉంది. త్వరగా మొలిచే తండ్రినీ ఆలస్యంగా మొలిచే తల్లినీ కలిపితే, పుట్టిన మొదటి రోజు పెట్ట పిల్ల రెక్కలో పొడుగు ఈకలు పైనున్న చిన్న ఈకల్ని దాటి ఉంటాయి, పుంజు పిల్లకి రెండూ సమానంగా ఉంటాయి. పెద్ద హేచరీలు ఆ జతల్ని పనిగట్టుకుని తయారుచేస్తాయి. తల్లిదండ్రులు ఆ లెక్కలో లేకపోతే రెక్కలో కనిపించేది ఒక పిల్లకి ఈకలు త్వరగా వచ్చాయి, ఇంకోదానికి ఆలస్యంగా వచ్చాయి అన్నంతే. ఏ లెక్కలో ఉన్నా మొదటి రెండు మూడు రోజులు దాటితే పనికిరాదు, మీవి ఏడు వారాలవి.

ఉంగరం ఊపడం, మెడ పట్టుకుని వేలాడదీసి కాళ్లు ముడుస్తుందా చాపుతుందా అని చూడడం, కొస గుడ్డు పుంజు, గుండ్రటి గుడ్డు పెట్ట అనడం, ఇవేవీ పనిచెయ్యవు. గుడ్డు ఆకారాన్ని బట్టి ఆడా మగా చెప్పడం అరిస్టాటిల్ కాలం నుంచీ ఉంది. ఒక పెట్ట దాదాపు ఎప్పుడూ ఒకే ఆకారం గుడ్డు పెడుతుంది, కానీ దానికి పుంజులూ పెట్టలూ రెండూ పుడతాయి కదా. ఇలాంటి పద్ధతులన్నీ సగం సార్లు నిజమవుతాయి, పుట్టేవాటిలో సగం పుంజులు, సగం పెట్టలు కాబట్టి. ఆ సగాన్నే మనుషులు గుర్తుపెట్టుకుంటారు.

పిల్ల వెనక భాగం నొక్కి లోపలి చిన్న బొడిపె చూసి చెప్పే పద్ధతి ఒకటుంది, అది నిజమైనది. 1920ల్లో జపాన్‌లో కియోషి మసుయి అనే శాస్త్రవేత్త, ఆయనతో పనిచేసినవాళ్లు దాన్ని పైకి తెచ్చారు. దాన్ని పుట్టిన రోజే చెయ్యాలి, ఏళ్ల తరబడి చేతికి అలవాటు ఉన్నవాళ్లే చెయ్యాలి. దయచేసి ఇంట్లో ప్రయత్నించకండి, ఆ లేత పొట్టలోని పచ్చసొన సంచి చితికిపోతే పిల్ల చనిపోతుంది. ఏ ఒక్క పిల్ల గురించైనా అస్సలు ఆగలేనంటే ఈక మొదలు నుంచో, ఒక చుక్క రక్తం నుంచో డబ్ల్యూ క్రోమోజోమ్ ఉందా లేదా అని చూసే డీఎన్‌ఏ పరీక్ష ఉంది, ఏ వయసులోనైనా చేయించవచ్చు. మీకు అవసరం లేదనుకుంటాను, నెల రోజులు ఆగితే ఉచితంగా తెలిసేదే.

ఇప్పుడు జాతి. ఇక్కడ మిమ్మల్ని కాస్త నిరుత్సాహపరుస్తున్నాను, మీ పిల్లలకి జాతి లేదు. రెండు జాతులు కలిస్తే పుట్టేది మూడో జాతి కాదు, సంకరమే. జాతి అంటే తరతరాలుగా తనలాంటి పిల్లల్నే కనేది. చాలామంది డేగ, కాకి, సేతువ అనే పేర్లని కూడా జాతుల్లా చెబుతారు గానీ అవి ఈకల రంగులకి పెట్టిన పేర్లు, ఒకే తల్లి పిల్లల్లో ఒకటి డేగ, ఒకటి కాకి కావచ్చు. పిల్ల మొహం చూసి ఇది ఫలానా జాతి అని ఎవరైనా ధీమాగా చెప్పారంటే ఊహించి చెప్పారనే అర్థం. మనం చెయ్యగలిగింది ఒక్కో లక్షణాన్నీ పట్టుకుని అది ఏ వైపు నుంచి వచ్చిందో వెతకడం.

అలా వెతికితే మీ పుంజు గుట్టు బయటపడుతోంది. ముద్ద జుట్టు జన్యువు ఒంటి జుట్టుని అణిచేస్తుంది, ఈ సంగతి 1902లోనే విలియం బేట్సన్ అనే ఇంగ్లండ్ శాస్త్రవేత్త కోళ్ల మీద ప్రయోగాలు చేసి చూపించాడు. అచ్చమైన అసిల్‌కి ముద్ద జుట్టు జన్యువు రెండు మోతాదులూ ఉండాలి. అలాంటి తండ్రికి ఏ పెట్టతో పుట్టినా ఏ పిల్లకీ ఒంటి జుట్టు రాకూడదు, ఒంటి జుట్టు పెట్టతో పుట్టిన వాటికి ముద్ద జుట్టు కాస్త పెద్దగా, వంకరగా రావచ్చు గానీ మూడు వరుసల తీరు పోదు. మీ పది పిల్లల్లో నాలుగింటికి రంపం పళ్ల జుట్టు వచ్చింది. అంటే మీ పుంజులో ఒంటి జుట్టు జన్యువు దాక్కుని ఉంది, దాని తల్లో తండ్రో, లేదా వాటి పెద్దలో ఒంటి జుట్టువాళ్లు. చూడ్డానికి అసిల్‌లా ఉండొచ్చు, మంచి పుంజే కావచ్చు, అచ్చమైనది మాత్రం కాదు. ఇంతకు ముందున్న ఇంకో పుంజు పిల్లలేమో అనుకోవచ్చు కదా అంటారేమో, పెట్ట కడుపులో పుంజు వీర్యం రెండు మూడు వారాలు నిలవ ఉంటుంది, ఇది వచ్చి నాలుగు నెలలైందని రాశారు కాబట్టి ఆ అనుమానం అక్కర్లేదు, పక్కింటి పుంజు గోడ దూకి రానంత వరకు.

మీ ఇంటి కోళ్ల సంగతి పక్కన పెడితే, మీరు ఎక్కడైనా క్రాస్ పిల్లల్ని చూసినప్పుడు కొన్ని గుర్తులు తొందరగా దారి చూపిస్తాయి. కాళ్ల మీద ఈకలుంటే బ్రహ్మ, కొచిన్, సిల్కీ లాంటి వాటిలో ఏదో ఒకటి ఈ మధ్య తరాల్లోనే కలిసింది. ఐదు వేళ్లుంటే సిల్కీ, డార్కింగ్ లాంటి జాతి ఏదో ఎక్కడో ఉంది. కాళ్లు పసుపుపచ్చగా ఉన్నాయంటే ఆ రంగు అమ్మా నాన్నా ఇద్దరి నుంచీ రావాలి, ఒక్కరి నుంచి వస్తే బయటపడదు, అందుకే తెల్ల కాళ్ల తల్లిదండ్రులకి కూడా పసుపు కాళ్ల పిల్లలు పుట్టి ఆశ్చర్యపరుస్తాయి. ఈకల రంగుని మాత్రం జాతికి సాక్ష్యంగా ఆఖరున పెట్టుకోండి. ఒకే రంగు పది జాతుల్లో ఉంటుంది, తెల్ల కోడి లోపల నలుపు, చారలు, ఎరుపు అన్నీ దాక్కుని ఉండగలవు.

ఇక మీరు ఇప్పుడు చెయ్యాల్సింది. ఆ ఐదు పిల్లల కాళ్లకి వేర్వేరు రంగుల రింగులు వేయండి, కాళ్లు ఇంకా లావవుతాయి కాబట్టి వారానికోసారి వదులుగా ఉన్నాయో లేదో వేలు పెట్టి చూడండి, బిగుసుకుపోతే కాలు వాచి కోసుకుపోతుంది. వారానికోసారి ఒకే చోట, ఒకే వెలుగులో తలకి ఒక ఫొటో, నడుముకి ఒక ఫొటో తీయండి. రోజూ చూసే కంటికి తెలియని తేడా రెండు వారాల ఫొటోలు పక్కపక్కన పెడితే తెలిసిపోతుంది. మూడు చారల పుంజుల్ని మీరు ఇవ్వాలనుకుంటే ఇప్పుడే ఇవ్వొచ్చు, అయితే తీసుకునేవాళ్లకి అవి పుంజులని ముందే చెప్పండి, గుడ్ల కోసం ఆశపడి తీసుకెళ్తే పాపం ఆ పిల్లలకే తిప్పలు. మిగతావాటిలో ఏదైనా పెట్టల మీద ఎక్కడం, నెత్తి పీకడం మొదలుపెడితే ఇచ్చేయకుండా ముందు వేరే గూట్లో పెట్టండి.

వచ్చేసారి పొదిగించేటప్పుడు ఏ పెట్ట గుడ్డో పెన్సిల్‌తో గుర్తు పెట్టండి. పెట్టల కోసమే పిల్లలు తీయిస్తున్నారంటే ఈ పుంజుతో చారల పెట్ట గుడ్లు మాత్రమే పొదిగించండి, దిగిన రోజు పిల్లలు ఆరాక నెత్తి చూసి చుక్క ఉన్నవి ఒక పక్క, లేనివి ఒక పక్క పెట్టేయవచ్చు.

పన్నెండో వారంలో ఆ ఎర్ర పిల్లలవీ బోడిమెడ పిల్లలవీ నడుము ఈకలు దగ్గరగా ఫొటో తీసి పంపండి, దువ్వి తీయండి, పుంజేదో పెట్టేదో ఒక్కోదాని సంగతీ రాస్తాను.